మదీనాగూడ దిగుడులో ఇంజన్ నడిచిందా?

ఆ రోజు సీసా పట్టుకున్నది నేను. కాగితం మీద సంతకం పెట్టిందీ నేనే. అయినా ఇన్నేళ్లలో అసలేం జరిగిందని నన్ను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఫ్యాక్టరీ స్వర్ణోత్సవ సంచిక వేసే ముందు పాత ఉద్యోగులందరికీ ఉత్తరాలు వెళ్లాయట. నాకు రాలేదు. సంచిక అచ్చయ్యాక కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగోది నేనే తీసుకెళ్లి ఇస్తే, అక్కడ కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే అందుకుని "ఫైల్లో పెడతాం అంకుల్" అంది. ఏ ఫైల్లో పెట్టారో ఇంతవరకు తెలియదు.

ఆ సంచికలో మా పాత ట్రాన్స్‌పోర్టు ఆఫీసరుగారి వ్యాసం ఉంది. పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగిన రోజుల్లో ఏ పనికి ఏ బండి పొదుపో పరీక్షించి, ఫ్యాక్టరీకి తగిన బండ్లను తాను ఎంపిక చేశానని రాసుకున్నారు. రాసుకోనివ్వండి. ఆ ఎంపిక ఎవరిదో చెప్పే కాగితం నా ట్రంకుపెట్టెలో ఉంది. నా గొడవ ఆ తర్వాతి వాక్యం గురించి. "ఈ పరీక్ష వల్లనే అప్పట్లో జరుగుతున్న పెట్రోలు దొంగతనం కూడా బయటపడింది" అని రాశారు. పేరు రాయలేదు. రాయనక్కర్లేదు. పెట్రోలు దొంగ అని ఆ ఫ్యాక్టరీ నుంచి పంపించింది ఒక్కడినే.

అరవైల చివర్లో నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి బాలానగర్‌లో ఆ ఫ్యాక్టరీలో గుమస్తాగా చేరాను. బండ్ల పుస్తకాలు రాయడం నా పని. ఏ బండి ఎక్కడికి వెళ్లింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత పెట్రోలు పోశారు అన్నవి రోజూ ఎక్కించాలి. మాకు ఉన్నవి మూడు బండ్లు. ఆఫీసర్లకు ఒక పెద్ద కారు, సామాన్లకు ఒక జీపు, పనివాళ్లను తీసుకెళ్లడానికి ఒక వ్యాను. బాలానగర్ నుంచి బొంబాయి రోడ్డు మీద కూకట్‌పల్లి, మియాపూర్, మదీనాగూడ దాటి లింగంపల్లి దాకా వెళ్లి, అక్కడ నల్లగండ్ల వైపు మట్టిదారిలోకి తిరిగితే మా రెండో షెడ్డు వచ్చేది. ఇప్పుడు అద్దాల మేడలున్న పక్క అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ ఉండేవి కావు. రోడ్డు చాలావరకు ఖాళీగా ఉండేది. బాలానగర్ నుంచి వెళ్లేటప్పుడు మొత్తం మీద ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

పెద్ద కారు నడిపే ఆయనది మదీనాగూడ. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అందరం పెద్దాయన అనేవాళ్లం. మనిషి నిదానం, బండి కూడా నిదానమే. ఆ కాలం డ్రైవర్లందరికీ ఒక అలవాటు ఉండేది. దిగుడు రాగానే ఇంజన్ ఆపేసి గేరు తీసేసేవాళ్లు. బండి దాని బరువుకు అదే దొర్లుకుంటూ పోయేది, పెట్రోలు మిగిలేది. పెద్దాయన మాత్రం ఒక్కనాడూ ఆ పని చేయలేదు. జీపు డ్రైవరు కుర్రతనం మీద ఉండేవాడు, ఆయన్ని ఆటపట్టించేవాడు.

"కాకా, డౌన్ల గూడ పెట్రోలు తాపుతవేంది? బండి దానంతటదే ఉరుకుతది గదా!"

"ఉరుకుతది బిడ్డా. ఆపాల్నంటెనే ఇంజన్ గావాలె. అడ్డం బర్రె వస్తే నీ లెక్క తలుపు తెరిచి కాలు రోడ్డు మీద పెట్టి ఆపొస్తదా నాకు?"

లింగంపల్లిలో రైలు గేటు పడినప్పుడు కూడా ఆయన ఇంజన్ ఆపేవాడు కాదు. ఆ కారు బ్యాటరీ పాతది. మార్చమని నేను రెండుసార్లు రాసి పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు. అదేమిటండీ అరగంట ఊరికే కాలుతోంది కదా అంటే ఆయన నవ్వాడు. "బంద్ చేస్తే మల్ల షురూ గాదు సారూ. తోయాలె. ఎనక కూసున్న పెద్ద సార్లు దిగి తోస్తరా?"

అందువల్ల పెద్ద కారు పుస్తకంలో లీటరుకు తొమ్మిది కిలోమీటర్లకు మించి ఎప్పుడూ పడేది కాదు. కారుతో వచ్చిన చిన్న పుస్తకంలో అంతకంటే చాలా ఎక్కువ రాసి ఉండేది. పెట్రోలు చవగ్గా ఉన్నంతకాలం ఆ తేడా ఎవరి కంటా పడలేదు. డెబ్బైల మధ్యలో ధర మండిపోయేసరికి అందరికీ లెక్కలు గుర్తొచ్చాయి. మేనేజరుగారు రెండు పనులు చెప్పారు. కొత్తగా రెండు బండ్లు కొనాలి, ఏవి పొదుపో పరీక్షించి తేల్చండి. పెద్ద కారు ఎందుకింత తాగుతోందో అది కూడా తేల్చండి. రెండూ ట్రాన్స్‌పోర్టు ఆఫీసరుగారికే అప్పగించారు.

నేను ఒక రాత్రి కూర్చుని ఒక నోటు రాశాను. ఒకరిద్దరు ఆఫీసర్లు ఊళ్లోకి వెళ్లడానికి చిన్న కారు చాలు, దానికి పెద్ద కారు తీయడం దండగ. నల్లగండ్ల మట్టిదారికి జీపే కావాలి, ఎంత తాగినా సరే, ఎందుకంటే వానాకాలంలో బురదలో దిగబడిన కారు చక్రం అక్కడే తిరుగుతూ ఒక్క గజం పోకుండా లీటరు కాల్చేస్తుంది. పదిమంది పనివాళ్లను తీసుకెళ్లే వ్యాను లీటరుకు తక్కువ దూరమే పోవచ్చు, తలకు ఎంత పడుతుందో చూస్తే అన్నిటికన్నా చవక అదే. దొరికితే డీజిల్ వ్యాను ఇంకా మేలు. బండి లీటరుకు ఎంత పోతుందని ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎంతమందితో ఏ దారిలో పోతుందో చూడాలి అని చివర రాశాను.

ఆఫీసరుగారు మొదటి నాలుగు పంక్తులు చూసి టీ గ్లాసు దాని మీద పెట్టారు. "నిన్ను పుస్తకం రాయమన్నారయ్యా. బండ్లు ఎంచమని ఎవరన్నారు?" అన్నారు. గ్లాసు అడుగు గుండ్రటి మరక పడిన ఆ కాగితమే నా పెట్టెలో ఉన్నది.

పరీక్ష పద్ధతి మాత్రం సరైనదే. బండి ట్యాంకు నుంచి వచ్చే గొట్టం తీసేస్తారు. ఒక గాజుసీసాలో సరిగ్గా లీటరు పెట్రోలు పోసి, రబ్బరు ట్యూబుతో నేరుగా ఇంజన్‌కు కలుపుతారు. సీసా ఖాళీ అయ్యి బండి ఆగిపోయేదాకా నడిపి, ఎన్ని కిలోమీటరు రాళ్లు దాటామో చూస్తారు. ఫ్యాక్టరీ దవాఖానాలో మందు కలిపే సీసా, ట్యూబు నేనే తెచ్చాను. సీసాకు మైదా జిగురుతో ఒక కాగితం చీలిక అంటించి, పావులు, అరలు గీతలు గీశాను. బానెట్ కొంచెం తెరిచి తాడుతో కట్టి, ముందు సీట్లో ఎడమ పక్క కూర్చుని, చెయ్యి బయటపెట్టి సీసా ఎత్తి పట్టుకోవడం నా పని.

ఒక బుధవారం పొద్దున్నే మొదలుపెట్టాం. జీపు, వ్యాను, చిన్న కారు, మూడూ బాలానగర్ నుంచి మదీనాగూడ వైపు, అంటే ఎక్కుడు వైపే. జీపు ఏడో రాయి దగ్గర ఆగింది. పదిమందితో వ్యాను ఎనిమిది లాగింది. చిన్న కారు మాకు లేదు కాబట్టి, దవాఖానాకు వచ్చే డాక్టరుగారి కారు అడిగి తెచ్చాను. అది నేను చెప్పిన కారు కదా, ఆఫీసరుగారు అందులో ఐదుగురిని ఎక్కించారు. అందులో ఒకరు క్యాంటీన్ కాంట్రాక్టరు. ఆయన ఎక్కగానే కారు ఒక పక్కకు ఒరిగింది.

"సార్, దీనికి ఇంతమందిని ఎక్కించడం న్యాయం కాదండి" అన్నాను.

"బరువు మోయలేని కారు మనకెందుకయ్యా?" అన్నారు ఆఫీసరుగారు. అందరూ నవ్వారు. కాంట్రాక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. అయినా ఆ కారు పన్నెండో రాయి దాటాకే ఆగింది.

పెద్ద కారు అప్పటికే మేనేజరుగారిని దింపడానికి షెడ్డుకు వెళ్లి ఉంది. "అక్కడే ఉంది కదా, అక్కణ్నుంచే మొదలుపెట్టి ఇటు వద్దాం" అన్నారు. అటునుంచి ఇటు దిగుడండి, మిగతావన్నీ ఎక్కుడులో నడిపాం కదండి అన్నాను. విననట్టే జీపెక్కారు. షెడ్డు దగ్గర పెద్దాయన తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకుని జీపు డ్రైవరుకు ఇచ్చారు. "అనుమానం నీ మీదున్నప్పుడు నువ్వు నడిపితే ఎలా? వ్యానులో రా" అన్నారు.

"అనుమానమేంది సార్?" అన్నాడు పెద్దాయన. ఆఫీసరుగారు అప్పటికే కారు వెనక సీట్లోకి ఎక్కుతున్నారు.

ముగ్గురం బయలుదేరాం. జీపు డ్రైవరు నడుపుతున్నాడు, నేను సీసాతో ముందు, ఆఫీసరుగారు వెనక. మట్టిదారి దాటి రోడ్డెక్కాం. మదీనాగూడ మెరక ఎక్కి పైకి చేరాక జీపు డ్రైవరు చెయ్యి తాళంచెవి మీదికి పోయింది. ఇంజన్ ఆగిపోయింది. నాకు మొదట చెవులతో తెలియలేదు, గాలి హోరులో ఏదీ సరిగ్గా వినపడలేదు. సీసా చూసి తెలిసింది. అరగీత కిందికి దిగుతున్న పెట్రోలు ఉన్నచోటే నిలబడిపోయింది. ఒక రాయి పోయింది. ఇంకో రాయి పోయింది. నా చేతిలో పెట్రోలు అంగుళం కదల్లేదు.

జీపు డ్రైవరు వైపు చూశాను. వాడు రోడ్డు చూస్తున్నాడు. అప్పుడు వెనక సీట్లోంచి ఆఫీసరుగారు అన్నారు: "ఎంత చప్పుడు లేకుండా పోతోందయ్యా బండి!"

ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

దిగుడు చివర బండి ఊపు మీద ఉండగానే వాడు గేరు వేసి ఇంజన్ మళ్లీ అందించాడు. మియాపూర్ దగ్గర ఒకసారి, కూకట్‌పల్లి ముందు ఇంకోసారి అదే జరిగింది. పద్నాలుగో రాయి దాటాక సీసా ఖాళీ అయ్యింది. అక్కణ్నుంచి ట్యాంకు గొట్టం కలిపి, బండి తోసి ఇంజన్ అందించుకుని ఫ్యాక్టరీకి వచ్చాం. ఆఫీసరుగారు అక్కడే కారు బానెట్ మీద కాగితం పెట్టి, నాలుగు బండ్ల పక్కన నాలుగు అంకెలు వేసి నా ముందుకు జరిపారు. సాక్షి సంతకం నాది.

"దిగుళ్లలో ఇంజన్ ఆపారని ఒక ముక్క రాయాలండి."

"అవన్నీ రిమార్కుల్లో రాద్దాంలేవయ్యా. ముందు సంతకం పెట్టు, మేనేజరుగారు షెడ్డు నుంచి రాగానే చూపించాలి."

రిమార్కుల గడి ఖాళీగా ఉంది. నా చెయ్యి నాలుగు బండ్లకు సీసా పట్టుకుని తిమ్మిరెక్కి ఉంది. పెట్టాను. ఎందుకు పెట్టానని మీరు నన్ను అడగండి, అడిగే హక్కు మీకుంది. తర్వాత రాస్తానన్న మనిషి రాస్తాడని నమ్మాను. అంతకంటే వేరే జవాబు నా దగ్గర లేదు.

అప్పుడే వ్యాను వచ్చి ఆగింది, పెద్దాయన దిగాడు. ఆఫీసరుగారు అందరిముందూ ఆ కాగితం ఆయన ముఖం ముందు పెట్టారు. "ఈ కారు పద్నాలుగు ఇచ్చింది. నీ పుస్తకంలో తొమ్మిది. మిగతా ఐదు కిలోమీటర్ల పెట్రోలు ఏమైంది? తాగావా?"

"నేను కల్లు గూడ ముట్టను సార్, పెట్రోలెట్ల తాగుత?" అన్నాడు పెద్దాయన. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "బండి నిన్న తొమ్మిదే ఇచ్చింది. ఇయ్యాల పద్నాలుగిస్తే బండినడుగుండ్రి."

శనివారం మేనేజరుగారి ముందు హాజరు కమ్మన్నారు. తేలితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, పోలీసులకు కూడా ఇస్తామన్నారు. మూడు రోజులుంది.

గురువారం పొద్దున జీపు డ్రైవరును పట్టుకున్నాను. నువ్వు ఇంజన్ ఆపావని వచ్చి చెప్పు, నేనూ చెప్తాను అన్నాను. వాడు గుడ్డతో జీపు అద్దం తుడుస్తూనే మాట్లాడాడు. "అలవాటు సారూ. డౌన్ కనవడితే చెయ్యి దానంతటదే పోతది. కాకను ముంచాల్నని జెయ్యలే, దేవుని కసం."

"ఆపమని ఆయన చెప్పారా?"

"చెప్పలే. ఆపొద్దని గూడ చెప్పలే. నన్ను దీంట్లకు గుంజకుండ్రి సారూ, ఇద్దరు పిల్లలున్నరు నాకు."

ఆ రోజే ఆఫీసరుగారికి ఉత్తరం రాశాను. నాలుగు బండ్లనూ రోడ్డుకు రెండు వైపులా నడిపి, ఇంజన్ ఆపకుండా నడిపి, సగటు తీయాలి, లేకపోతే ఆ కాగితం మీద నా సంతకం చెల్లదు అని రాశాను. ఆయన చేతికే ఇచ్చాను. కవరు విప్పకుండా సొరుగులో వేసి సొరుగు మూశారు. సాయంత్రం దాకా రెండుసార్లు వెళ్లి అడిగాను. "చూస్తానన్నానా లేదా?" అన్నారు రెండోసారి.

శుక్రవారం మేనేజరుగారిని షెడ్డు నుంచి తీసుకురావడానికి పెద్ద కారు వెళ్లాలి. తీర్పు శనివారం కాబట్టి అప్పటిదాకా పెద్దాయనే నడుపుతున్నాడు. మీతో నేనూ వస్తాను, మన పరీక్ష మనమే చేద్దాం అన్నాను.

"ఎందుకు సారూ, మీకు గూడ పరేషాన్."

"సంతకం నాది పెద్దాయనా. నాకు తెలియాలి."

మేం దొంగల్లా గేటు దాటాం, ఆ మాట ఒప్పుకుంటాను. కూకట్‌పల్లి వైపు మలుపు తిరిగాక ఆపి, డిక్కీలోంచి సీసా, ట్యూబు తీసి కలిపాను. నా సొంత పెట్రోలు రెండు లీటర్లు డబ్బాలో తెచ్చుకున్నాను. వెనక నుంచి లారీ వచ్చినప్పుడల్లా మా ఆఫీసు జీపేమోనని వెనక్కి తిరిగి చూశాను. పెద్దాయన మాత్రం మామూలుగా, రోజూ నడిపినట్టే నడిపాడు. వెళ్లేటప్పుడు ఎనిమిది రాళ్లు దాటి కొంచెం దూరంలో ఆగింది. తిరుగుదారిలో మేనేజరుగారు ఎక్కాక ఎలా కలపాలి? అందుకని నేను దిగి బండి తోసి, ట్యాంకు పెట్రోలుతో లింగంపల్లి దాకా వెళ్లి, షెడ్డుకు పోకుండానే వెనక్కి తిప్పి, రెండో లీటరు పోసి నడిపించాను. దిగుడులో ఇంజన్ మోగుతూనే ఉంది, సీసాలో పెట్రోలు దిగుతూనే ఉంది. పది దాటి కొంచెం పోయింది. సగటు తీస్తే తొమ్మిది మీద చిల్లర. పుస్తకంలో ఎన్నేళ్లుగా నేను రాస్తున్న అంకె అదే.

సీసా ఖాళీ అయి బండి ఆగినచోటే ఆ మాట చెబితే పెద్దాయన స్టీరింగు మీద చెయ్యి వేసి, "నా బండి నాకు తెల్వదా సారూ" అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ తొందరలోనే తప్పు చేశాను. ఆలస్యమైపోతోందని సీసా, ట్యూబు డిక్కీలో పడేసి, మేనేజరుగారిని తీసుకురావడానికి మళ్లీ షెడ్డుకు పరిగెత్తించాం. గాలికో, పెట్రోలుకు తడిసో, సీసాకు నేనంటించిన కాగితం చీలిక దారిలో ఎక్కడో ఊడిపోయింది. సాయంత్రం ఆ సీసా తీసుకోవడం మరిచిపోయి ఇంటికి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రమే ఆఫీసరుగారు గేటు కాపలావాడితో పెద్ద కారు డిక్కీ తెరిపించారు. పెట్రోలు వాసన వేస్తున్న సీసా, రబ్బరు ట్యూబు దొరికాయి. ట్యాంకులోంచి పెట్రోలు లాగే దొంగ దగ్గర ఏం ఉంటాయి? అవే.

శనివారం నన్ను పిలవలేదు. మేనేజరుగారి గది బయట బెంచీ మీద కూర్చున్నాను. ముందు ఆఫీసరుగారు లోపలికి వెళ్లారు, ఆయన చేతిలో ఆ సీసా ఉంది. దాన్ని చూశాక గాని నాకు గుర్తు రాలేదు. తర్వాత పెద్దాయన వెళ్లాడు. తలుపు మూసుకుంది. మాటలు వినపడుతున్నాయి, అర్థం కావడం లేదు. ఒక్కసారి పెద్దాయన గొంతు పెద్దదైంది: "దొంగనైతే ఇన్నేండ్లు గీ కిరాయి ఇంట్లనే ఎందుకుంట సార్?" ఇంక నేను ఆగలేదు. తలుపు తోసుకుని వెళ్లాను.

"నిన్నెవరు పిలిచారు?" అన్నారు ఆఫీసరుగారు.

"సీసా నాదండి. ట్యూబు నాదండి. బుధవారం పరీక్ష చేసిన సీసా ఇదేనండి. నిన్న మళ్లీ పరీక్ష చేశాం. తొమ్మిదే వచ్చిందండి."

మేనేజరుగారు ఆఫీసరుగారి వైపు చూశారు. "అదే సీసానా?"

ఆఫీసరుగారు సీసాను వెలుగులోకి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "అలాంటిదే సార్. పరీక్ష సీసాకు కాగితం అంటించి ఉంది, దీనికి లేదు. దవాఖానాలో ఇలాంటివి పది ఉంటాయి."

"కాగితం ఊడిపోయిందండి!"

"ఎవరి అనుమతితో పరీక్ష చేశారు?" అన్నారు మేనేజరుగారు.

"ఉత్తరం రాశానండి. జవాబు రాలేదండి."

"ఏ ఉత్తరం?" అన్నారు ఆఫీసరుగారు.

ఆయన సొరుగు అక్కడికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. వెళ్లి తెరిచి చూడండి అనాలని నాకు ఆ క్షణంలో తోచలేదు. ఆ రాత్రి తోచింది. మేనేజరుగారు బుధవారం కాగితం నా ముందుకు తిప్పారు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదేనండి."

"ఇంజన్ ఆపారని ఇందులో ఎక్కడుంది?"

"తర్వాత రాస్తానన్నారండి."

"బుధవారం పద్నాలుగని సంతకం పెట్టి, శుక్రవారం తొమ్మిదని చెప్తావా? మీరిద్దరూ కలిసి ఏం చేస్తున్నారయ్యా?"

ఇద్దరూ అన్నారు. అప్పటిదాకా ఒక్కడి మీద ఉన్నది ఇద్దరి మీదికి వచ్చింది. పెద్దాయన నన్ను ఒకసారి చూసి, జేబులోంచి పెద్ద కారు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ సారును ఇడిసిపెట్టుండ్రి సార్. చిన్న పిల్లలోడు. నేనే పోత. దొంగ అని మాత్రం రాయకుండ్రి."

రాజీనామా రాయించుకున్నారు. దొంగ అని కాగితం మీద రాయలేదు, పోలీసులకు ఇవ్వలేదు. మిగిలిందంతా నోటితో చేశారు. బాలానగర్‌లో ఇంకే ఫ్యాక్టరీ ఆయన్ని బండి ఎక్కనివ్వలేదు. గేటు దాకా ఆయన వెంట వెళ్లాను. మళ్లీ ఉత్తరం రాస్తానండి అన్నాను.

"సంతకానికి ముందుగాల రాయాలె సారూ" అన్నాడు. కోపంగా అనలేదు. చెప్పులు సర్దుకుని బస్సు కోసం రోడ్డు దాటాడు.

ఆ పరీక్షను నమ్మి ఫ్యాక్టరీ ఇంకో రెండు పెద్ద కార్లు కొంది. ఏడాది తిరిగేసరికి పుస్తకాల్లో ఏం పడిందో నేనే రాశాను. వేరే డ్రైవర్లు, కొత్త కార్లు, కొత్త బ్యాటరీలు. దిగుళ్లలో ఇంజన్ ఆపి నడిపినా, రానూపోనూ కలిపితే తొమ్మిది, మహా అయితే పది. పుస్తకం తీసుకెళ్లి ఆఫీసరుగారి ముందు తెరిచి పెట్టాను. వీళ్లు కూడా దొంగలేనాండి అని అడిగాను. "పాత గొడవ ఇప్పుడెందుకయ్యా" అన్నారు. తర్వాత ఆ రెండు కార్లలో ఒకటి అమ్మేసి చిన్న కారు కొన్నారు. పనివాళ్లకు డీజిల్ వ్యాను వచ్చింది. మట్టిదారికి జీపునే ఉంచారు. టీ మరక పడిన నా నోటులో ఉన్నట్టే, ఒక్క ముక్క తేడా లేకుండా. సంచికలో ఆయన పేరు మీద వచ్చింది అదే.

పెద్దాయన మదీనాగూడలో బర్రెలు పెట్టుకుని బతికాడు. దారిలో ఎప్పుడు కనపడినా నేనే తల దించుకునేవాణ్ని. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ సంచిక పట్టుకుని ఆయన కొడుకు నా దగ్గరికి వచ్చాడు. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఉంది.

"సారూ, గిది మా నాయిన గురించేనా?"

అవునన్నాను.

"మరి మీరు అప్పుడు ఆడనే ఉన్నరంట గదా?"

ఉన్నానన్నాను. అతను టీ తాగకుండా వెళ్లిపోయాడు.

ఆఫీసరుగారు ఇప్పుడు నల్లగండ్లలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నారు. మా షెడ్డుకు వెళ్లే మట్టిదారి ఉండేది ఆ పక్కనే. పోయిన నెల వెళ్లి కింద పార్కులో ఆయన్ని పలకరించాను. గుర్తుపట్టారు. మదీనాగూడ దిగుడు మాట ఎత్తగానే చెవి మిషను సర్దుకుని, సరిగ్గా వినపడటం లేదయ్యా అన్నారు. అంతకుముందు మోకాళ్ల నొప్పుల గురించి అడిగితే చక్కగా వినపడింది.

అందుకే అచ్చులో అడుగుతున్నాను. అయ్యా, చదవడానికి చెవులు అక్కర్లేదు. ఆ రోజు మీరు వెనక సీట్లో కూర్చుని, ఎంత చప్పుడు లేకుండా పోతోందయ్యా బండి అన్నారు. ఇంజన్ ఆగిపోయిందని తెలిసి అన్నారా, తెలియక అన్నారా? తెలియదంటే తెలియదని రాయండి, ఆ పరీక్ష తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. తెలుసంటే అదే రాయండి. ఏది రాసినా ఆ మనిషి దొంగ కాడని మదీనాగూడలో ఆయన కొడుక్కి చూపిస్తాను. రిమార్కుల గడి ఇంకా ఖాళీగానే ఉంది. రాసి, కింద మీ సంతకం పెట్టండి. నాది అప్పుడే పెట్టాను.